పద్దెనిమిది గంటల వెలుతురు

"పదకొండింటికి మనిషి వస్తున్నాడు," అన్నాను.

టీనుస్ రొట్టె మీద వెన్న రాస్తున్నవాడు ఆగిపోయాడు. వెన్న రాయిలా ఉంది. తొమ్మిది రోజులుగా మా వంటింట్లో అన్నీ అలాగే ఉన్నాయి. కోటు వేసుకునే కాఫీ పెడుతున్నాను.

"ఏ మనిషి?"

"బాయిలర్ మనిషి. ఇల్లు అద్దెకిచ్చిన సంస్థకి నేనే ఫోన్ చేశాను. నిన్న."

"ఎవర్నడిగి చేశావు?"

"ఈ ఇంట్లో ఎవర్నడగాలో చెప్పు, అడుగుతాను. నువ్వా, పొద్దస్తమానం అటక మీదే. మేరెల్‌నా, దగ్గి దగ్గి మొన్న సంచి సర్దుకుని వాళ్ళ పిన్ని ఇంటికి పోయింది. పదిహేనేళ్ళ పిల్ల, సొంత ఇల్లుండగా."

"రియా ఇంట్లో బాగానే ఉంటుంది."

"పోతూ పోతూ ఏమందో తెలుసా?"

"చెప్పకు."

"చెబుతాను. 'ఆ మొక్కలకున్నపాటి వెచ్చదనం నాకు లేదా అమ్మా' అంది. మెట్ల మీద నిలబడి, నీకు వినపడాలనే గట్టిగా అంది. నీకు వినపడింది కూడా."

టీనుస్ కత్తితో వెన్న చెక్కుతూ కూర్చున్నాడు. వినపడిందని ఆ కూర్చోవడంలోనే తెలిసింది.

టిల్‌బర్గ్‌లో మా వీధి ఇళ్ళన్నిటికీ గదులు వెచ్చబెట్టే బాయిలర్ అటక మీదే ఉంటుంది. కట్టినవాడి బుద్ధి అంతే. దాన్ని బాగుచెయ్యాలంటే అటక ఎక్కాలి. అటక ఎక్కితే అయిదు గంజాయి మొక్కలు కనపడతాయి, వాటి మీద దీపాలు కనపడతాయి. బాయిలర్ ఆగిపోయిన రోజున టీనుస్ తనే బాగుచేస్తానని మూత విప్పాడు. ఇరవై ఏళ్ళు గులాబీ తోటల అద్దాల షెడ్లలో పనిచేసినవాడికి బాయిలర్ సంగతి ఏం తెలుస్తుంది? విప్పిన మూత మళ్ళీ బిగించి దిగొచ్చాడు. ఆ రోజు నుంచీ కింద మేం వణుకుతున్నాం, పైన మొక్కలు దీపాల వేడికి వెచ్చగా ఉన్నాయి.

"రావద్దని చెప్పు," అన్నాడు చివరికి.

"ఏటా చేసే తనిఖీకి రెండుసార్లు వస్తామంటే రెండుసార్లూ నువ్వే వద్దన్నావు. ఈసారి వద్దంటే తాళంచెవి పట్టుకుని వస్తారు, పక్కన పోలీసుని పెట్టుకుని. పధ్నాలుగో నంబరు వాళ్ళని మర్చిపోయావా?"

మర్చిపోయేదేం కాదు. వసంతంలో వాళ్ళ అటక మీద ఇలాగే దీపాలు దొరికాయి. రెండు వారాల్లో వాళ్ళ సోఫా, చేపల తొట్టి, పిల్లవాడి సైకిలు వానలో పేవ్‌మెంట్ మీద ఉన్నాయి. కిటికీలో ఒక మొక్క పెంచుకుంటే ఎవరూ అడగరు. దీపం పెట్టి పెంచితే ఇల్లు ఖాళీ చేయిస్తారు. ఆ తర్వాత ఈ ఊళ్ళో అద్దెకి ఇల్లు ఇచ్చేవాడుండడు. ఇది మా వీధిలో చిన్నపిల్లలకి కూడా తెలుసు.

"రెండు గంటలు టైముంది," అన్నాను. "కోబుస్‌ని వ్యాన్ తీసుకుని రమ్మన్నాను. పీకి అందులో పడేసి ఎక్కడైనా పారేసుకోండి. దీపాలు కూడా. ఆ మనిషి వచ్చేసరికి పైన బాయిలరూ చీపురూ తప్ప ఏమీ ఉండకూడదు."

"వాడికెందుకు చెప్పావు?"

"వాడికి కొత్తగా చెప్పేదేముంది. యోరిస్‌కి ఈ పని నేర్పిందే వాడు."

ఆ పేరు వంటింట్లో పడేసరికి కప్పు కింద పెట్టేశాను. కాఫీ కప్పుల్లోంచి ఆవిరి లేస్తోంది. నేను కిటికీ వైపు తిరిగాను. తను రొట్టె వైపు చూశాడు.

యోరిస్ మా పెద్దవాడు. ఫిబ్రవరిలో ఆ మొక్కలు పెట్టాడు. తండ్రికి తోటపని తెలుసు, బాబాయి కోబుస్‌కి ఈ పని తెలుసు, వీడికి ఇద్దరి మాటా వినడం తెలుసు. రోజూ సాయంత్రం తండ్రీ కొడుకులు పైన కూర్చుని కొమ్మలు వంచుతూ ఉండేవాళ్ళు. నేను కింద నుంచి తిట్టేదాన్ని. మార్చిలో ఒక గురువారం పొద్దున్న, కాలవ గట్టు రోడ్డు మీద, మంచులో, వాడి మోపెడ్‌ని లారీ కొట్టింది. పాతిపెట్టి ఇంటికొచ్చిన రోజున టీనుస్ నల్ల బూట్లు విప్పి గుమ్మం దగ్గర పెట్టి, నేరుగా అటక ఎక్కాడు. నేను ఆ రోజు నుంచీ అటక ఎక్కలేదు.

ఎనిమిది నెలలుగా నా కడుపు మండిపోతున్నది అందుకే. కొడుకు పోయాడు, వాడు పెట్టిన మొక్కలతో మొగుడు వ్యాపారం చేసుకుంటున్నాడు. రెండు కోతలైనా కోసి ఉంటాడనుకున్నాను. అడగలేదు. అడిగితే అవునంటాడేమోనని భయం.

కోబుస్ తొమ్మిదిన్నరకి వచ్చాడు. టీనుస్ తమ్ముడు. చేతిలో వేడి వేడి సాసేజి రొట్టెల పొట్లం, చంకలో మడిచిన అట్టపెట్టెలు.

"వదినా, మీ ఇంట్లోకంటే నా వ్యాన్‌లోనే నయం. ఇక్కడ మాట్లాడితే పొగొస్తోంది. మా అన్న పొగ మానేశాడని అందరికీ చెప్పుకుంటున్నానే, ఇప్పుడేం చెప్పను?"

"తర్వాత నవ్విద్దువుగాని. ముందు పైకి పో."

"కాఫీ కూడా ఇవ్వవా? కూలివాడికైనా ఇస్తారు."

"దిగొచ్చాక ఇస్తాను."

"అన్నయ్యా, లే. రెండు నిమిషాల్లో పీకేద్దాం. నువ్వు తలా నేను కాళ్ళూ పట్టుకుంటే అయిపోతుంది."

"నువ్వు పో," అన్నాడు టీనుస్. కుర్చీలోంచి కదలలేదు.

కోబుస్ నా వైపు చూసి భుజాలెగరేసి మెట్లెక్కాడు. అటక తలుపు తీసిన చప్పుడు వినపడింది. ఆ తర్వాత చాలాసేపు ఏ చప్పుడూ లేదు. వాడు నోరు మూసుకుని ఉండటం నేను ఎరగను. గొణగడమో, ఈల వెయ్యడమో, ఏదో ఒకటి ఉండాలి.

దిగొచ్చినప్పుడు చేతిలో పెట్టె లేదు.

"వదినా, వాటికి పూతే లేదు."

"లేకపోవడమేమిటి? ఫిబ్రవరిలో పెట్టినవి."

"అదే నేననేది. ఒక్క మొగ్గ లేదు. మొత్తం ఆకే. కాండాలు నా మణికట్టంత లావున్నాయి. ముప్ఫై ఏళ్ళలో ఇలాంటివి చూడలేదు నేను." అన్న వైపు తిరిగాడు. "టైమర్ తిప్పనే లేదా?"

"ఏం తిప్పడం? నాకర్థమయ్యేట్టు చెప్పు," అన్నాను.

"ఏముంది వదినా. ఈ మొక్కకి పగలు పొడుగ్గా ఉంటే ఆకు వేస్తుంది, పగలు కురచైతే పూస్తుంది. మొదట్లో రోజుకి పద్దెనిమిది గంటలు దీపాలు వెలిగిస్తాం. బాగా ఒళ్ళు చేశాక పన్నెండుకి తిప్పుతాం. శీతాకాలం వస్తోందనుకుని పూత పడుతుంది. తొమ్మిది వారాల్లో కోతకొస్తుంది. కోశాక ఇంకేం లేదు, దాని ఆయుష్షు అంతే. ఎవడైనా నెలకో నెలన్నరకో తిప్పుతాడు. ఎనిమిది నెలలు తిప్పకుండా కూర్చున్నవాణ్ణి ఈయన్నే చూస్తున్నాను. పద్దెనిమిది గంటలు వెలుగుతుంటే అవి ఎప్పటికీ పూయవు. ఇలా ఆకు వేస్తూనే ఉంటాయి. ఎందుకు అన్నయ్యా?"

"ఆదివారం తిప్పుదామన్నాడు," అన్నాడు టీనుస్.

"ఎవరు?"

"వాడు. బుధవారం సాయంత్రం చివరి కొమ్మ కట్టాడు. కట్టి, ఆదివారం తిప్పుదాం నాన్నా, అన్నాడు."

కోబుస్ టోపీ తీసి బల్ల మీద పెట్టి కూర్చున్నాడు. తెచ్చిన రొట్టెల పొట్లం విప్పనైనా విప్పలేదు.

నేను టీనుస్ వైపు తిరిగాను. "మరి ఎనిమిది నెలలుగా పైన ఏం చేస్తున్నావు?"

"వంచుతున్నాను."

"ఏమిటి?"

"పెరుగుతూనే ఉంటాయిగా. పైకి లేస్తే దీపానికి తగిలి మాడిపోతాయి. అడ్డంగా కట్టిన వల కిందికి వంచి కడుతున్నాను. వాడు కట్టినట్టే."

కోబుస్‌ని వెళ్ళి వ్యాన్‌లో కూర్చోమన్నాను. ఎందుకని అడగకుండా పోయాడు.

నేను మెట్లెక్కాను. రెండో అంతస్తు, ఆ పైన నిచ్చెన మెట్లు. తలుపు తియ్యగానే వెచ్చగా తగిలింది. తొమ్మిది రోజుల తర్వాత నా వేళ్ళకి ప్రాణం వచ్చింది. అందుకు సిగ్గేసింది.

అయిదే కుండీలు. కానీ అటక ఈ గోడ నుంచి ఆ గోడ దాకా ఆకే. నడుమెత్తులో వల కట్టి ఉంది, ప్రతి గడిలోంచీ ఒక కొమ్మ వచ్చి పక్కకి వంగి ఉంది. ఏదీ ఇంకోదాని కంటే పైకి లేవలేదు. పరుపు మీద పరిచిన దుప్పటిలా సమంగా ఉంది. మూలన ఫ్యాను తిరుగుతోంది. బాయిలర్ ఆ ఆకుల వెనకాల ఎక్కడో ఉంది, దాని ముక్కు మాత్రం కనపడుతోంది.

టీనుస్ నా వెనకాలే వచ్చాడు. వంగి, వల కింద చెయ్యి పెట్టి, లావుపాటి కొమ్మ ఒకటి చూపించాడు. ఆకుపచ్చ రంగు ఇనపతీగతో కట్టి ఉంది.

"చూడు. నేను కట్టినవన్నీ ఇటు మెలితిరిగి ఉంటాయి. వాడిది ఎడంచెయ్యి కదా, అటు మెలిపెట్టాడు. ఇవి నలభై మూడు. కాండం లావెక్కి తీగ కోసుకుంటూ ఉంటే కాస్త వదులు చేశాను. విప్పలేదు. ఒక్కటి కూడా విప్పలేదు."

ఆ తీగని ముట్టుకున్నాను. కొసని చిన్నగా గుండ్రంగా చుట్టాడు, చెయ్యి గీసుకోకుండా. వాడికి వాళ్ళ నాన్న చేతుల గురించి ఆలోచన ఉంది. నా కొడుకు అలాంటివాడు.

"ఇలా అని నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు పైకి రాలేదు."

"నువ్వు కిందికి రాలేదు."

ఫ్యాను తిరుగుతూనే ఉంది. ఇద్దరం ఆకుల వైపే చూస్తూ నిలబడ్డాం.

"అమ్ముకుంటున్నావనుకున్నాను," అన్నాను.

"తెలుసు."

"తెలిసీ ఊరుకున్నావా?"

"నా మీద కోపంగా ఉంటే నీకు కాస్త ఊపిరాడుతుందనుకున్నాను."

ఆ మాటకి కూర్చుండిపోయాను. అక్కడే మట్టిసంచి మీద. పాతికేళ్ళు కాపురం చేసిన మనిషి గురించి నేను తెలుసుకున్నది ఇంతేనా అనిపించింది. చేతి గడియారం చూస్తే టైము పదీ ఇరవై.

"ఒక్కటి కిందికి తీసుకుపోదాం," అన్నాను. "ముందుగదిలో, కిటికీ దగ్గర పెడదాం. దీపం లేకుండా. ఒక్కదానికి ఎవరూ ఏమీ అనరు."

"నవంబరు, హన్నెకె. బయట వెలుతురు తొమ్మిది గంటలు కూడా లేదు. కిటికీలో పెడితే పది రోజుల్లో దానికి తెలిసిపోతుంది."

"ఏం తెలుస్తుంది?"

"టైమైపోయిందని."

"పోనీ కొమ్మ తుంచి నాటుకుంటే?"

"నాటుకోవచ్చు. మొక్క ఇదే వస్తుంది, తేడా ఉండదు." తీగ మీద వేలు పెట్టాడు. "ఇది రాదు."

తను చెప్పిందంతా నిజమే. కాస్తంత కూడా బుద్ధిలేని పని అనడానికి వీల్లేదు. ఎనిమిది నెలలుగా ఈ ఇంట్లో ఒక గదిలో ఆదివారం రాకుండా ఆపుకుంటూ వచ్చాడు. నేనైతే కింద క్యాలెండరు కాగితాలు చించుకుంటూ కూర్చున్నాను.

"తిప్పు," అన్నాను.

"ఏమిటి?"

"టైమర్. పన్నెండుకి తిప్పు. నీ చేత్తో నువ్వే తిప్పు. పూయనీ. వాడు చూద్దామనుకున్నది అదేగా. తొమ్మిది వారాలు ఉండనిద్దాం. వాడి కట్లతోనే పూస్తాయి."

"ఆ మనిషి వచ్చేస్తాడు."

"నేను పంపించేస్తాను."

"మళ్ళీ వస్తారు. తాళంచెవితో వస్తారని నువ్వే అన్నావు."

"వచ్చినప్పుడు చూసుకుందాం."

"ఇల్లు పోతుంది."

"పోతే పోతుంది." ఆ మాట అన్నది నేనేనా అని నాకే ఆశ్చర్యం వేసింది. పొద్దున్న ఇదే నోటితో పధ్నాలుగో నంబరు సోఫా గురించి చెప్పాను.

"చలి?"

"నాకు కోటుంది."

"మేరెల్‌కి?"

కోటు బొత్తాం పెట్టుకున్నాను. "రియా ఇంట్లో ఉంటుంది."

"క్రిస్మస్‌కి కూడానా?"

"క్రిస్మస్‌కి కూడా. దానికి నేను చెప్పుకుంటాను. అర్థం చేసుకుంటుంది."

టీనుస్ నా ముఖంలోకి చాలాసేపు చూశాడు. ఎనిమిది నెలల్లో అంతసేపు చూడలేదు. నా చెయ్యి పట్టుకుని మట్టిసంచి మీద నుంచి లేపాడు. కోటుకి అంటిన మట్టి దులిపాడు.

"సరే. నువ్వు కిందికి పో. ఇక్కడ నేను చూసుకుంటాను," అన్నాడు.

తిప్పుతాడనుకున్నాను.

పదకొండుకి ఇంకా పది నిమిషాలుండగా గంట మోగింది. ముందే వచ్చేవాళ్ళు ఇలాంటప్పుడే వస్తారు. తలుపు సగం తీశాను. పాతికేళ్ళు కూడా ఉండని కుర్రాడు, ఉన్ని టోపీ, ఒక చేతిలో పనిముట్ల పెట్టె, ఇంకో చేతిలో ట్యాబ్. వీధి చివర వ్యాన్‌లోంచి కోబుస్ తల బయటపెట్టి చూస్తున్నాడు.

"గుడ్ మార్నింగ్ మేడమ్. బాయిలర్ ఆగిపోయిందని ఫోన్ చేశారట."

"బాగైపోయిందండీ. మా ఆయన ఏదో తిప్పితే వెలిగింది. మీకు ఫోన్ చేసి చెబుదామనుకుంటూనే ఉన్నాను. అనవసరంగా తిప్పాను మిమ్మల్ని."

"ఇంట్లో కోటు వేసుకున్నారే."

"బజారుకి బయల్దేరుతున్నాను."

అతను నా కాళ్ళ వైపు చూశాడు. ఉన్ని స్లిప్పర్లు. పళ్ళు బయటపెట్టి నవ్వాడు, వెక్కిరింతగా కాదు. "అయితే మంచిదే. ఎలాగూ వచ్చాను కదా, ఒకసారి పైకి వెళ్ళి చూసి పోతాను. మీ ఇంటికి ఈ ఏటి తనిఖీ కూడా మిగిలిపోయింది. రెండుసార్లు వాయిదా పడిందని ఇక్కడుంది. పది నిమిషాల పని."

"ఇవాళ వీలు కాదండీ. మా ఆయనకి ఒంట్లో బాగాలేదు. పడుకున్నాడు."

"నేను చప్పుడు చెయ్యను."

"ఇంకో రోజు రండి. నేనే ఫోన్ చేసి టైము చెబుతాను."

నేను అబద్ధం బాగానే ఆడుతున్నాను. ఇంకో రెండు మాటలైతే అతను వెళ్ళిపోయేవాడే. ట్యాబ్ పైకెత్తాడు కూడా.

అప్పుడు వాసన వచ్చింది.

మెట్ల మీదుగా దిగి నా వీపుకి తగిలినట్టు వచ్చింది. పూత లేని మొక్క నిలబడి ఉండగా ఇంత వాసన ఉండదు. తెగితేనే ఉంటుంది. పచ్చి కాండం తెగిన వాసన, ఘాటుగా, గొంతులో దిగేట్టు. మా వీధిలో పుట్టి పెరిగినవాళ్ళకి ఆ వాసన ఏమిటో చెప్పక్కర్లేదు. వెంటనే పైనుంచి చప్పుడు కూడా వినపడింది. రెండు చేతుల కత్తెర లావుపాటి కొమ్మ మీద పడ్డ చప్పుడు. ఒకటి. కాస్త ఆగి ఇంకొకటి.

నేను ఇల్లు వదులుకుని మొక్కల్ని ఉంచుకుందామనుకుంటున్నాను. తను కోసేస్తున్నాడు. మేరెల్ కోసం. నేను కోటు వేసుకుని వణక్కుండా ఉండటం కోసం. వాడు అటు మెలిపెట్టిన తీగలు నలభై మూడూ ఇప్పుడు నేల మీద పడుతున్నాయి.

పైకి పరిగెత్తి ఆపాలనిపించింది. తలుపు అంచు పట్టుకుని నిలబడ్డాను. ఇంకో చప్పుడు. ఆ తర్వాత ఫ్యాను ఆగిపోయింది. ఫిబ్రవరి నుంచీ పగలూ రాత్రీ ఇంట్లో ఆ హోరు ఉంది, ఉందని కూడా మర్చిపోయాం. అది ఆగేసరికి ఇల్లంతా బావిలా అయిపోయింది. అందులో టీనుస్ ఏడుపు వినపడింది. పాతిపెట్టిన రోజున కూడా తను ఏడవలేదు.

కుర్రాడు నవ్వడం మానేశాడు. నా భుజం మీదుగా మెట్ల వైపు చూస్తున్నాడు. చూసి, తల దించుకున్నాడు.

"మేడమ్," అన్నాడు నెమ్మదిగా. "నేను వెళ్ళేముందు ఇందులో ఏదో ఒకటి రాయాలి. బాయిలర్ బాగుంది అని ఉంది. లోపలికి రానివ్వలేదు అని ఉంది. ఇంకోటి కూడా ఉంది." ఆ మూడోది ఏమిటో చదవలేదు, పోలీసులకి చేరేదే అని తెలుస్తూనే ఉంది. "ఏం రాయమంటారు?"

మంచి అబద్ధం ఒకటి చెప్పాలనుకున్నాను. నోరు తెరిచాను.

"మా అబ్బాయి చనిపోయాడండీ," అన్నాను.

ఆ మాట నా నోటి నుంచి రావడం అదే మొదటిసారి. ఇన్నాళ్ళూ అందరికీ ముందే తెలుసు, నేను చెప్పాల్సిన పని పడలేదు. ముక్కూ మొహం తెలియని ఈ కుర్రాడికి చెప్పాను. చెప్పాక ఆపుకోలేకపోయాను.

అతను టోపీ తీశాడు. "ఎన్నేళ్ళు?" అన్నాడు.

"ఇరవై రెండు."

పైన కత్తెర మళ్ళీ పడలేదు. ఏడుపు కూడా ఆగింది. తలుపు దగ్గర మాటలు టీనుస్ వింటున్నట్టున్నాడు.

కుర్రాడు ట్యాబ్ వైపు చూశాడు. బొటనవేలితో ఒకసారి నొక్కాడు. ఏం నొక్కాడో కన్నీళ్ళలో నాకు కనపడలేదు. ట్యాబ్‌ని చంకలో పెట్టుకుని, జేబులోంచి నీలం తొడుగులు తీసి బూట్లకి తొడుక్కున్నాడు. నన్ను మెల్లిగా తప్పించుకుని లోపలికి వచ్చాడు. పనిముట్ల పెట్టె పట్టుకుని మెట్లెక్కడం మొదలుపెట్టాడు.